నోరున్న గోడ

మీటర్ల సెక్షన్ సూపరింటెండెంటు గారిని అసలు పేరుతో పిలిచేది ఒక్క జీతాల బిల్లే. మిగతా విద్యుత్ ఆఫీసు మొత్తానికి ఆయన చూద్దాంలే గారు. ఫ్యాను తిరగడం లేదంటే చూద్దాంలే. ఎవరింట్లోనో మీటరు బొంగరంలా తిరుగుతోందంటే చూద్దాంలే. పెళ్ళయిన కొత్తలో భార్య, "ఊళ్ళో ఇంత పెద్ద కోట ఉందట కదండీ, చూద్దాం" అంటే, ఆ చూద్దాంకి ఒక లే తగిలించి ఊరుకున్నారు. ఆ లే ఇరవై ఏళ్ళయినా లేవలేదు.

అలాంటి మనిషి ఒక గురువారం సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా, "ఆదివారం మనిద్దరం కోట చూడబోతున్నాం. కారు మాట్లాడాను. మనకోసమే ప్రత్యేకంగా ఒక గైడు. మధ్యాహ్నం దాకా పాతబస్తీ అంతా తిప్పి చూపిస్తాడు" అని ప్రకటించారు.

భార్య పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకుని ఒక యూనిఫాం చొక్కా భుజం సరిచేస్తోంది. సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

"ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"చుట్టాలెవరైనా వస్తున్నారా?"

"ఎవరూ లేరు. మనిద్దరమే."

"మనిద్దరమే" అని ఆ మాటని టేపు పెట్టి కొలిచినట్టు నెమ్మదిగా పలికి, "సరే" అంది.

చూద్దాంలే గారికి ఆ సరే నచ్చలేదు. ఆవిడ అంత తేలిగ్గా సరే అనడం ఆయన ఎరగరు.

ఆవిడది బడిపిల్లల బట్టలు కుట్టే వ్యాపారం. వంటింటి మూల ఒక్క కుట్టుమిషనుతో మొదలుపెట్టి, ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద షాపు, అందులో గదినిండా మిషన్లు, మిషన్ల నిండా మనుషులు. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంది కాబట్టి వీధి మొత్తానికి ఆవిడ టేపు మేడం. ఈ మధ్య కూరగాయల బండి దగ్గర కూడా చూద్దాంలే గారిని "టేపు మేడం గారి ఆయన" అనే అంటున్నారు.

అసలు సంగతి వేరే ఉంది. సోమవారం నాడు ఆఫీసరు గారు పిలిచి, "ప్రమోషను. కాకపోతే డ్యాం దగ్గర పవర్‌హౌసుకి వెళ్ళాలి. విడిగా గది, పెద్ద కుర్చీ, గంట కొడితే మనిషొస్తాడు. ఏమంటారు?" అన్నారు. జీవితంలో మొట్టమొదటిసారి చూద్దాంలే గారి నోట్లోంచి చూద్దాంలే రాలేదు. "అలాగే సార్" అని వచ్చింది. అన్నాక గానీ ఇంట్లో ఒక మనిషి ఉందని గుర్తుకు రాలేదు.

అప్పట్నుంచి ఆయన బతుకు కుడితిలో పడ్డ ఎలకే అయింది. భోజనం దగ్గర చెబుదామని నోరు తెరిచి, తీరా ఆవిడ తలెత్తి చూస్తే, "కాసిని మంచినీళ్ళు" అనేవారు. ఆ వారంలో ఆయన తాగిన నీళ్ళకి డ్యాంలో మట్టం తగ్గి ఉండాలి.

అంతలో ఆఫీసులో ఎవరో మాటల మధ్య, ఈ ఊరు ఒకప్పుడు రాజధాని అనీ, ఓ రాజుగారు దాన్ని వేరే చోటికి మార్చాడనీ అన్నారు. చూద్దాంలే గారి బుర్రలో బల్బు వెలిగింది. ఆయన శాఖే అది కదా.

శనివారం సాయంత్రం కోట గుమ్మం దగ్గర టీ బడ్డీలో గైడుని పట్టుకున్నారు. ఊపిరి తిప్పుకోకుండా చరిత్ర చదివేస్తాడని అక్కడివాళ్ళు అతనికి దండకం అని పేరు పెట్టారు.

"రాజుగారు రాజధాని మార్చినప్పుడు రాణిగారు ఏమన్నారు?" అని అడిగారు చూద్దాంలే గారు.

"ఏమన్నారో ఎక్కడా లేదు సార్."

"మంచిదే అయింది. రేపు మా ఆవిడ ముందు, రాణిగారు నవ్వుతూ బయల్దేరారని చెప్పాలి. కొత్త ఊరు చూసి తెగ సంబరపడిపోయారని చెప్పాలి."

దండకం టీ గ్లాసు కింద పెట్టాడు. "చరిత్ర మార్చమంటున్నారా సార్?"

"మార్చొద్దు. కాస్త సర్దండి."

"సర్దడమా. అది రోజూ చేసేదే."

పథకం ఇది. రాణిగారి కథకి ఆవిడ మనసు కరుగుతుంది. కరిగిన ఆ మనసు మళ్ళీ గడ్డకట్టే లోపు, భోజనం దగ్గర బదిలీ సంగతి చెప్పెయ్యాలి. ఆర్డరు సోమవారమే వచ్చేస్తుంది. ఇంక వాయిదా వెయ్యడానికి వారం మిగల్లేదు.

ఆదివారం పొద్దున్నే భార్య కొత్త గుడ్డ బూట్లు వేసుకుని, గొడుగు పట్టుకుని, కూనిరాగం తీస్తూ కారెక్కింది. ఆవిడ కూనిరాగం తీస్తుంటే ఆయనకి చెమటలు పట్టాయి.

కోట గుమ్మం, ఫిరంగి, గుర్రపుశాల వరకు అంతా బాగానే నడిచింది. రాణీవాసం దగ్గర దండకం గొంతు సవరించుకున్నాడు. చూద్దాంలే గారు చేతులు కట్టుకుని గోడ వైపు తిరిగారు.

"ఇక్కడే మేడం, రాజుగారు రాణిగారికి రాజధాని మారుతోందని చెప్పింది. రాణిగారు మారుమాట్లాడకుండా నవ్వుతూ పల్లకీ ఎక్కారు. భర్త ఎక్కడుంటే అదే నా రాజధాని అన్నారు."

ఆ చివరి ముక్క తను చెప్పమన్నది కాదు. దండకం సొంతంగా కలిపింది. చూద్దాంలే గారికి అతన్ని కౌగిలించుకోవాలనిపించింది.

"ఎప్పుడు చెప్పాడు?" అంది భార్య.

"ఏంటి మేడం?"

"మారుతున్నాం అని రాణిగారికి ఎప్పుడు చెప్పాడు? ముందేనా? అంతా ఖాయం చేసుకొచ్చాకా?"

దండకం చూద్దాంలే గారి వైపు చూశాడు. చూద్దాంలే గారు పైకప్పు వైపు చూశారు.

"ఖాయం... చేసుకున్నాకే మేడం. రాజుగారు కదా."

"ఇక్కడ రాణిగారికి పనేమీ ఉండేది కాదా? పొద్దస్తమానం నవ్వుతూ కూర్చునేదా?"

దండకం చరిత్ర చదువుతుంటే జనం ఆవలించడమే గానీ, ఇలా ముందుకు వంగి ప్రశ్నలడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో లేరు. అతనికి ఊపొచ్చింది.

"అయ్యో, కూర్చోవడమేంటి మేడం. ఈ వెనకంతా రాణిగారి మగ్గాలే. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ పని ఆవిడే ఇచ్చేది. సైన్యం మొత్తానికి బట్ట ఇక్కణ్ణుంచే వెళ్ళేది."

చూద్దాంలే గారు కళ్ళతో సైగ చేశారు. కనుబొమలతో చేశారు. చివరికి తలతో కూడా చేశారు.

"ఏంటండీ, మెడ పట్టిందా?" అంది భార్య.

"లేదు. ఎండ."

అప్పటికి చుట్టూ జనం పోగయ్యారు. చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన, చెయ్యీ చెయ్యీ వదలని ఒక కొత్త జంట, ఇంకా కొందరు. తమ గైడుని వదిలేసి వచ్చి మరీ వింటున్నారు.

"మరి అన్ని మగ్గాలు వదిలేసి ఎలా వెళ్ళింది?" అంది కొత్త పెళ్ళికూతురు.

"వెళ్ళి ఉండదమ్మా" అన్నాడు పెద్దాయన.

"వెళ్ళాల్సిందే. రాజుగారి మాట" అన్నాడు కొత్త పెళ్ళికొడుకు. పెళ్ళికూతురు చెయ్యి వదిలేసింది.

ఇంతమంది ఎదురుచూస్తుంటే దండకానికి ఆగడం చేతకాలేదు. "అసలు జరిగింది చెప్పమంటారా. రాణిగారు పల్లకీ దాకా వచ్చారు. ఒక కాలు పైన పెట్టారు. ఇంకో కాలు..." అని ఆపి, "మిగతాది పక్క హాల్లో చెప్తాను, రండి" అన్నాడు.

చూద్దాంలే గారు లెక్క వేసుకున్నారు. ఆ రెండో కాలు కింద ఉండిపోయిందంటే తన పథకం మొత్తం కిందే ఉండిపోతుంది.

పక్కది చాలా పెద్ద గుండ్రటి హాలు. పైన గోపురం. దండకం అందర్నీ ఒక వైపు గోడ దగ్గరికి తోలి, "మేడం, మీరు ఆ గోడకి చెవి దగ్గరగా పెట్టి నిలబడండి. మీరందరూ అంతే. ఒక చిత్రం చూపిస్తాను" అని తను గబగబా హాలు దాటి అవతలి గోడ దగ్గరికి వెళ్ళాడు.

ఇదే సందు అనుకున్నారు చూద్దాంలే గారు. అతని వెనకే పరుగులాంటి నడకతో వెళ్ళి చొక్కా పట్టుకున్నారు.

"సార్, ఇక్కడ మాత్రం మాట్లాడకండి" అన్నాడు దండకం కంగారుగా.

"మీరు నోరు ముయ్యండి" అని గోడకి దగ్గరగా జరిగి గుసగుసగా అందుకున్నారు. "నేను చెప్పమన్నదేంటి, మీరు చెప్తున్నదేంటి? రాణి నవ్వుతూ వెళ్ళాలి. రెండు కాళ్ళూ ఎక్కాలి. ప్రమోషన్ మీద నాకు బదిలీ అయింది. మా ఆవిడకి ఇంకా తెలీదు. ఆ షాపు వదిలి రమ్మని ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలీక మీ కాళ్ళ మీద పడ్డాను. మీరేమో ఆ రాణి చేత మగ్గాలు పెట్టిస్తారా?"

దండకం రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

"బదిలీ ఎప్పట్నుంచండీ?" అంది గోడ.

చూద్దాంలే గారు వెనక్కి చూశారు. ఎవరూ లేరు. భార్య, జనం అందరూ అల్లంత దూరాన అవతలి గోడ దగ్గరే ఉన్నారు. గొంతు మాత్రం చెవిలోనే ఉంది.

"ఇదే సార్ నేను చూపించబోయింది" అన్నాడు దండకం నీరసంగా. "ఈ గోడ దగ్గర గుసగుసలాడితే ఆ గోడ దగ్గర వినిపిస్తుంది."

గోడలకి చెవులుంటాయని చూద్దాంలే గారు చిన్నప్పట్నుంచీ వింటున్నారు. నోరుంటుందని ఎవరూ చెప్పలేదు.

"మిమ్మల్నే. ఎప్పట్నుంచి?"

"నెలాఖరుకి చేరాలి" అన్నారు గోడతో.

"నాకెందుకు చెప్పలేదు?"

ఎదురుగా ఆవిడ మొహం ఉంటే మంచినీళ్ళు అడిగేవారే. ఎదురుగా ఉన్నది సున్నం కొట్టిన గోడ. దాని మీద చిన్న పగులు. దాన్నే చూస్తూ అన్నారు.

"భయమేసింది. వద్దంటావేమోనని ఒక భయం. నోరెత్తకుండా షాపు మూసేసి నా వెనకాల వచ్చేస్తావేమోనని ఇంకో భయం. రెండోదే పెద్దది."



"మరి అలాంటప్పుడు ఎందుకు ఒప్పుకున్నారు?"

"నాతోటి వాళ్ళందరూ ఎప్పుడో పైకెళ్ళిపోయారు. నాకూ ఒక గదీ, ఒక కుర్చీ... గంట కొడితే ఒక మనిషి రావాలి. ఇక్కడ నేను టేపు మేడం గారి ఆయన్ని. అది తప్పని కాదు. ఒకసారి వేరేలా కూడా ఉండి చూద్దామని."

గోడలోంచి ఎవరో ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. కొత్త పెళ్ళికూతురయి ఉండాలి. తర్వాత ముసలి గొంతు ఒకటి, "ఏదో ఒకటి తేల్చండి బాబూ, మా బస్సు వెళ్ళిపోతుంది" అంది.

"మీరు ఇటు రండి" అంది భార్య గొంతు. "గోడతో కాపురం చెయ్యలేను."

ఆ హాలు దాటుతుంటే చూద్దాంలే గారి బూట్ల చప్పుడు గోపురానికి తగిలి ఆయన మీదే పడింది. ఇంకో పదిమంది చప్పుడు చేస్తూ తనని తరుముతున్నట్టుంది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఏమంటుందో బొత్తిగా తెలియకుండా ఆవిడ ముందుకి వెళ్ళడం ఇదే మొదలు. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఆవిడ గొడుగు నేలకి ఆనించి నిలబడి ఉంది.

"నాకు బుధవారమే తెలుసు" అంది.

"ఎలా?" అన్నారాయన.

"మీ ఆఫీసరు గారి భార్య వాళ్ళబ్బాయి కొలతలివ్వడానికి వచ్చి, కంగ్రాచ్యులేషన్స్ అంది. దేనికో తెలీకుండానే థాంక్స్ అన్నాను. తర్వాత మెల్లిగా లాగాను. శుక్రవారం దారం కొనడానికి వెళ్ళాను చూడండి, వెళ్ళింది అక్కడికే."

"డ్యాం దగ్గరికా?"

"ఆఁ. మీకివ్వబోయే ఇంట్లో వంటింటికి కిటికీ లేదు. పక్కది ఖాళీగా ఉంది. మీరు చెప్పమన్నారని చెప్పి అది ఉంచమన్నాను."

"నేను చెప్పానా?"

"మీరేగా అక్కడికి పెద్ద. ఇంకెవరు చెప్తారు?"

పెద్దాయన మెచ్చుకోలుగా చేతికర్రతో నేలమీద కొట్టాడు.

"అక్కడ బడి ఉంది" అంది ఆవిడ. "ఆ పిల్లల చొక్కాలు చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. నెలలో సగం అక్కడుండి ఆ పని చూస్తాను. సగం ఇక్కడ. ఈ షాపు మూసేది లేదు, ఒక్క మిషను కదిలేది లేదు. నేనిక్కడున్నన్నాళ్ళు మీ వంట మీరే."

"నాకు వంట రాదే."

"గంట కొట్టండి. ఎవరో ఒకరొస్తారు."

హాలంతా నవ్వింది. ఆ గోపురం దాన్ని పట్టుకుని, ఇంకో రెండుసార్లు నవ్వి గానీ వదల్లేదు. చూద్దాంలే గారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. కానీ వారం రోజులుగా ఛాతీ మీద కూర్చున్న బండ మాత్రం ఎప్పుడు దిగిపోయిందో దిగిపోయింది.

దండకం ముందుకొచ్చాడు. "మేడం, ఏమీ అనుకోకపోతే ఇది వాడుకుంటాను. రాణిగారు నెలలో సగం అక్కడ, సగం ఇక్కడ. మగ్గాలు రెండు చోట్లా. చాలా బాగుంటుంది."

"నిజం ఏంటో తెలీదుగా?" అంది ఆవిడ.

"తెలీదు మేడం. అందుకే సర్దుతున్నాం."

కారు పాతబస్తీ సందుల్లోంచి మెల్లగా ఇంటి దారి పట్టింది. భార్య బూట్లు విప్పేసి, పాదాలు చాపుకుని కిటికీలోంచి చూస్తోంది. చూద్దాంలే గారు ఇక ఉండబట్టలేక అడిగారు.

"బుధవారమే తెలిస్తే గురువారం నేను టూరు అనగానే అడిగెయ్యొచ్చుగా. ఇన్నాళ్ళూ నన్నలా ఉడకబెట్టడం దేనికి?"

"అడిగేస్తే టూరు మానేసేవాళ్ళు."

ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"నా దగ్గర దాచినవి ఇంకేమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవు. ఒట్టు."

"ఉంటే ఇప్పుడే చెప్పకండి" అంది ఆవిడ. "ఊరవతల మ్యూజియం కూడా ఒకటుందట."