చెప్పులకు షామియానా

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఇకమీదట ఎవరూ ‘లేదు’ అనే మాట వాడకూడదనీ, సకల వెనుకబాటుకూ ఆ మాటే మూలమనీ ప్రముఖ రచయిత, వక్త, సానుకూల నాయకత్వ శిల్పి శ్రీ రవీందర్ గారు ప్రకటించారు. ప్రకటన కురవి అవతల ఒక వ్యవసాయ సహకార సొసైటీ ఆవరణలో జరిగింది. మైకు నాది. టెంటూ నాదే.

నాకు మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, టెంట్ హౌస్ ఉంది. పెళ్లికీ, దినాలకూ, పార్టీ మీటింగుకూ అవే కుర్చీలు వేస్తాను. కాబట్టి ఏ సరుకు ఎంతకాలం నిలుస్తుందో నాకు చూడగానే తెలుస్తుంది. రవీందర్ గారిది నిలిచే సరుకని జనగామలోనే కనిపెట్టాను. అప్పట్లో ఆయన అక్కడ వాటర్ ఫిల్టర్లు అమ్మేవారు. ఫిల్టర్ పాడైందని ఎవరైనా మోసుకొస్తే, “పాడైంది అనకన్నా, బాగయ్యే దారిల ఉన్నదను” అని భుజం తట్టి పంపేవారు. కొన్నాళ్లకు ఫిల్టర్లు మానేసి ఆ మాటలే అమ్మసాగారు. గోదాము అక్కర్లేదు, ఎలుకలు కొట్టవు, వాపసు రాదు. వ్యాపారం తెలిసినవాడు ఎంచుకునే సరుకు అది.

తర్వాత ‘లేదు అనొద్దు’ అని పుస్తకం రాశారు. ముందట్ట మీద ఆయన ఫోటో. వెనకట్ట మీద కూడా ఆయన ఫోటోనే, వేరే కోటులో.

పుస్తకం చూసి మంత్రిగారు ఆయనకొక మాట ఇచ్చారు. జనం నీ వెంట ఉన్నారని చూపించు, ‘సానుకూల నాయకత్వ సలహాదారు’ పదవి నీదే అన్నారు. పదవికి కారు, కారుకు సైరను. “గా పదవి వస్తె మనం సెటిలే అన్నా. రాకుంటె మల్ల ఫిల్టర్లే” అని రవీందర్ గారు చాయ్ తాగుతూ నాతో అన్నారు. స్టేజీ దిగాక ఆయన మనలాగే మాట్లాడతారు. అది గొప్పవాళ్లకే సాధ్యం.

కురవి అవతల ఆ ప్రకటన జరిగింది సొసైటీ సిబ్బంది శిక్షణలో. మంత్రిగారి పీఏ వెంకట్రాం కూడా ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా విన్నాడు. అది యూరియా సీజన్. మక్కచేన్లు మోకాలెత్తు వచ్చి యూరియా కోసం కాచుకున్నాయి. మా దగ్గర రైతు పొద్దున్నే వచ్చి, సొసైటీ ముందు వరసలో తన చెప్పులు విడిచి, ఎక్కడో నీడకు పోతాడు. చెప్పు ఉందంటే మనిషి ఉన్నట్టే. దాన్ని ఎవరూ జరపరు. రిజిస్ట్రీ అయిన భూమికి కూడా ఇక్కడ అంత భద్రత లేదు.

రవీందర్ గారు గుమస్తా ఐలేశ్‌ను స్టేజీ ఎక్కించి, తాను రైతులా నిలబడ్డారు.

“యూరియా ఉందా?”

“లేదు సార్.”

“తప్పు. మళ్లీ.”

“స్టాకే రాకపాయె సార్. ఏమనాలె?”

“వస్తోంది అనాలి.”

“ఎప్పుడొస్తదంటే?”

“వస్తోంది అనాలి.”

“ఏడిదాంక వచ్చిందంటే?”

రవీందర్ గారు సభ వైపు తిరిగారు. “చూశారా, నెగెటివిటీ ఎంత లోతుగా పాతుకుపోయిందో.”

సాయంత్రానికి ‘యూరియా లేదు’ బోర్డు పోయి ‘యూరియా వస్తోంది’ బోర్డు వచ్చింది. ఫలితం మర్నాడే కనిపించింది. లేదని రాసి ఉన్నన్నాళ్లూ రైతులు తిట్టుకుంటూ ఇళ్లకు పోయేవారు. ఇప్పుడు పోవడం మానేశారు. చెప్పుల వరస గేటు దాటి, రోడ్డెక్కి, పెట్రోలు బంకు దాకా పాకింది.

అది చూసి రవీందర్ గారు కారు ఆపించారు. యూరియా చెప్పులని నేను చెప్పాను. ఆయన అటూ ఇటూ చూశారు. పక్కనే నేనింకా విప్పని స్టేజీ, ఎదురుగా చెప్పులు. “మనుషులు కనవడకుంటె ఏందన్నా, చెప్పులైతె ఉన్నయి గద. వీటి మీద షామియానా ఎయ్యి” అన్నారు.

వేశాను. ఇన్నేళ్ల వ్యాపారంలో అంత మంచి జనాన్ని చూడలేదు. నీళ్లడగరు, భోజనాల దగ్గర కొట్లాడరు, కుర్చీలు విరగ్గొట్టరు. తండా నుంచి వచ్చిన భద్రమ్మ రోడ్డు మీద కొంగు నెత్తిన కప్పుకుని ఈ ఏర్పాటంతా చూసింది.

“చెప్పులకు నీడ ఏస్తిరి. మేం ఎండల నిలవడాల్నా సారూ?”

“అమ్మా, ఈ రోజు చెప్పుకు నీడ వచ్చింది. రేపు మనిషికి వస్తుంది. ప్రగతి ఎప్పుడూ కాళ్ల దగ్గరి నుంచే మొదలవుతుంది” అన్నారు రవీందర్ గారు. ఆ వాక్యం పుస్తకం రెండో ముద్రణలో చేర్చారు.

మర్నాడు ఆ చెప్పుల ముందు ఆయన మైకు పట్టుకుని నిలబడ్డ ఫోటో పేపర్లో వచ్చింది. రవీందర్ గారి ప్రసంగాన్ని వేలాది మంది చెప్పులు విడిచి భక్తితో విన్నారని కింద రాశారు. మంత్రిగారు వెంటనే భూపాలపల్లిలో సభ పెట్టమన్నారు. పదవి ఆర్డరు మీద స్టేజీ మీదే సంతకం చేస్తానన్నారు.

మీటింగు దగ్గర యూరియా ఇస్తారా అని జనం సొసైటీ సిబ్బందిని అడిగారు. లేదు అనకూడదు కదా, వస్తోంది అన్నారు. దాంతో మూడు జిల్లాల నుంచీ డీసీఎం వ్యాన్లు నిండిపోయాయి. భద్రమ్మ కూడా వచ్చింది. యూరియా అందక ఆమె చేను అప్పటికే పసుపు రంగుకు తిరుగుతోంది. జనం టెంటులోకి వచ్చి, అలవాటు ప్రకారం తలా ఒక కుర్చీలో చెప్పులు పెట్టి, యూరియా లారీ కోసం రోడ్డు మీదికి పోయారు.

మంత్రిగారు స్టేజీ ఎక్కి చూశారు. “జనమేరయ్యా?”

“ఇదే జనం సార్. ఇక్కడ చెప్పు ఉందంటే మనిషి ఉన్నట్టే.”

“ప్రశ్నలేమైనా అడుగుతరా?”

“అడగరు సార్.”

మంత్రిగారి ముఖం విప్పారింది. ఇంత క్రమశిక్షణ గల సభ తాను చూడలేదని మెచ్చుకుని, ఆర్డరు తెమ్మని పెన్ను తీశారు.

సరిగ్గా అప్పుడే టార్పాలిన్ కప్పిన లారీ ఒకటి మలుపు తిరిగింది. లారీ వచ్చిందని ఎవరో అన్నారు. కొత్త వరస కట్టాలంటే చెప్పులు కావాలి. జనమంతా ఒక్కసారిగా టెంటులోకి దూసుకొచ్చి, ఎవరి చెప్పులు వారు అందుకుని, ఆ తోపులాటలో పోకుండా నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నారు.

స్టేజీ మీది నుంచి చూసేవారికి అది వేరేగా కనిపించింది. గన్‌మన్లు మంత్రిగారిని మధ్యలో పెట్టుకుని వెనక మెట్ల మీదుగా దించారు. పెన్ను కింద పడింది. ఆయన కారు సైరను రేగొండ దాకా వినిపించిందని అంటారు.

లారీ నాదే. సభకు కుర్చీలు చాలవని తెప్పించాను. భద్రమ్మ టార్పాలిన్ ఎత్తి చూసి, నా వైపు తిరిగింది.

“యూరియా లేదా అన్నా?”

నిషేధం గుర్తుకు రాక, “లేదు చెల్లె” అనేశాను.

“గీ ముచ్చట మొన్ననే చెప్తె కలుపన్న తీసుకుందును గద.” చెప్పులు కింద వేసి, తొడుక్కుని, డీసీఎం వైపు నడిచింది.

తర్వాతి వారం జనగామలో మంత్రిగారి క్యాంపాఫీసు ముందు వేసిన టెంటు విప్పడానికి వెళ్లాను. గుమ్మం దగ్గర విజిటర్ల చెప్పులు వరసగా ఉన్నాయి. వాటి మధ్య తళతళలాడే నల్ల బూట్లు ఒక జత. రవీందర్ గారు సాక్సుల మీద గోడ వారగా నిలబడి ఉన్నారు. వెంకట్రాం తలుపు కొద్దిగా తీసి, ఆర్డరు వస్తోంది సార్ అని వినయంగా చెప్పి, తలుపు వేసుకున్నాడు. బాగా నేర్చుకున్నాడు.

మా వాళ్లు గుంజలు పీకుతుంటే రవీందర్ గారు నా దగ్గరికి వచ్చారు.

“అంత విప్పుకపో గని అన్నా, గా బూట్ల మీది పరదా ఒక్కటి ఉంచు. ఎండకు తోలు పగుల్తది.”

“ఎన్ని రోజులు ఉంచాలె సార్?”

ఆయన మూసి ఉన్న తలుపు వైపు చూశారు.

“వస్తోంది” అన్నారు.