చీటీల్లో వచ్చిన కొలువులు

బుధవారం పొద్దున కోటిలింగం శెట్టి పెళ్ళికని నరసరావుపేట బయల్దేరుతూ కొడుక్కి ఒక్క పని చెప్పాడు. కాల్చిన సున్నపురాయి నింపిన టిప్పర్‌ను పన్నెండు లోపల చక్కెర ఫ్యాక్టరీకి పంపించాలి. అంతే. మిగతాది వాళ్ళ సున్నం మిల్లు దానంతటదే చూసుకుంటుంది, ముప్పై ఏళ్ళుగా చూసుకుంటూనే ఉంది.

కొడుకు వేణుమాధవ్ ఎంబీఏ చదివాడు. పైగా మొన్ననే హైదరాబాదులో రెండు రోజుల ట్రైనింగుకు వెళ్ళొచ్చాడు. తండ్రి కారు మలుపు తిరగగానే అందరినీ షెడ్డు ముందు నిలబెట్టాడు.

"ఒకే పని పట్టుకుని వేలాడే రోజులు పోయినయ్. ఎవరికి ఏ పనిచ్చినా చెయ్యాలి. తెలీదు, నా పని కాదు, ఈ రెండు మాటలు వినపడకూడదు. అన్నవాళ్ళు రేపట్నుంచి రానక్కర్లేదు."

సున్నపురాయిని పొడి చేసే పిండిమర నడిపేది అబ్దుల్ రహీమ్. ఇరవై రెండేళ్ళుగా ఆ మర తప్ప ఆయనకు వేరే లోకం లేదు. యాభై దాటినవాణ్ణి పిడుగురాళ్లలో ఇంకే మిల్లువాడూ పిలిచి పనివ్వడు.

మిఠాయి డబ్బాలో చీటీలు వేసి తీశారు. రహీమ్‌కు వేణుమాధవ్ కూర్చునే మేనేజరు కుర్చీ వచ్చింది. ఆవరణలో నీళ్ళు చల్లే ఎస్తేరుకు పిండిమర. వాచ్‌మన్ ఖలందర్‌కు నీళ్ళ పైపు. వేణుమాధవ్‌కు గేటు. అతను ఖలందర్ టోపీ పెట్టుకుని నాలుగు ఫోటోలు దిగాడు.

"మర ఎట్టా ఆపాలో చెప్పి పో భాయ్," అని ఎస్తేరు గుసగుసలాడింది.

"నేను మేనేజర్నమ్మా. లేస్తే ఉద్యోగం పోద్ది," అన్నాడు రహీమ్, కుర్చీ అంచున కూర్చుని.

ఎస్తేరు మర వేసింది గానీ దాని మూతికి సంచి తగిలించలేదు. తెలీదు అనకూడదు కదా. పది నిమిషాల్లో ఆవరణంతా తెల్లటి దుమ్ము. గేటు దగ్గర బయల్దేరబోతున్న టిప్పర్ కూడా కనపడటం లేదు.

"ఖలందర్, లోడు మీద దుమ్ము పడతా ఉంది. నీళ్ళు కొట్టు," అన్నాడు వేణుమాధవ్.

"బాబూ, అది కాల్చిన రాయి."

"అయితే? నీ పని కాదా?"

కాల్చిన సున్నపురాయికి నీళ్ళు తగిలితే ఏమవుతుందో ఆ ఊళ్ళో బడికి పోని పిల్లలకు కూడా తెలుసు. ఖలందర్‌కు అంతకంటే బాగా తెలుసు. కానీ ఇంట్లో ఐదుగురు తినాలి. పైపు ఎత్తాడు.

లోడు ఉడకడం మొదలుపెట్టింది. పొగలు కక్కుతున్న టిప్పర్లోంచి డ్రైవరు కిందికి దూకాడు. వేణుమాధవ్ వెంటనే ఫైరింజన్‌కు ఫోన్ చేశాడు.

అప్పుడు రహీమ్ కుర్చీ వదిలి పరిగెత్తుకొచ్చాడు. "నీళ్ళ బండిని పిలిచావా? సున్నం సంగతి నీకు తెలీదు బాబూ," అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. కానీ ఆగలేదు. ఎస్తేరు చెయ్యి తప్పించి మర ఆపాడు. డ్రైవర్ని మళ్ళీ ఎక్కించి, టిప్పర్ను షెడ్డుకు దూరంగా పొడినేల మీదికి తోలించి, తొట్టి ఎత్తించి లోడు కింద పోయించాడు. "గేటు మూయి బాబూ. ఒక్క చుక్క లోపలికి రాకూడదు," అని కేకేశాడు.

పెళ్ళి భోజనం చేసి వచ్చిన కోటిలింగానికి కనపడింది ఇది: లోపల పొగ, బయట గంట కొడుతున్న ఫైరింజన్, మధ్యలో టోపీ పెట్టుకుని గేటుకు అడ్డంగా నిలబడ్డ కొడుకు.

"ఏందిరా ఇది?"

"మేనేజరు గారు మూయమన్నారు నాన్నా."

"మేనేజరెవురు?"

"రహీమ్ భాయ్."

కోటిలింగం ఫైరింజన్ వాళ్ళకు దణ్ణం పెట్టి పంపించాడు. సగం లోడు పిండై పోయింది. సగం దక్కింది. రహీమ్ అప్పటికే అన్నం క్యారియర్ చేతబట్టుకుని నిలబడి ఉన్నాడు.

"యాడికి?"

"తెలీదు అన్న మాట అనేశా శెట్టిగారూ. రేపట్నుంచి రావద్దంటగా."

"చానా లేటుగా అన్నావు. పోయి మర తుడువు." శెట్టి కొడుకు వైపు తిరిగాడు. "నీకు ఏ పనిచ్చినా చేస్తావంటగా. గేటు శుబ్బరంగా మూశావురా."

ఆ వారం నుంచి ఖలందర్‌కు ఆదివారం సెలవు దొరికింది, టోపీ వేణుమాధవ్‌కు ఇచ్చి పోయేవాడు.