నాలుగు గోళ్ళు, నాలుగు నిమ్మకాయలు

యాభై ఎనిమిది వేసవిలో ఒక గురువారం పొద్దున మార్కండేయులు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా కుడిచేతి నాలుగు వేళ్ళకీ ఏ పనీ చెప్పకూడదు. అంతే. చీరాలలో మగ్గం నేసుకు బతికేవాడికి అది ఎంత పెద్ద కోరికో అతనికి అప్పుడు తోచలేదు.

చిటికెనవేలు పోగా మిగిలిన ఆ నాలుగు వేళ్ళకీ మూడు నెలలుగా పెంచిన గోళ్ళున్నాయి. ఎంతో పొడవేం కాదు, వేలి కొన దాటి బియ్యపు గింజంత. అయినా వాటికి జరిగిన సేవ ఆ ఇంట్లో పసిపిల్లలకి కూడా జరగలేదు. రోజూ పడుకోబోయే ముందు నువ్వుల నూనె రాసేవాడు. కత్తెర తగలనివ్వకుండా, అగ్గిపెట్టె పక్కనుండే గరుకు పట్టీ మీద ఒకే వైపుకి మెల్లగా అరగదీసేవాడు. పసుపు అంటుతుందని అన్నం చెంచాతో తినేవాడు. పులుపు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఇదంతా వేటపాలెం బ్యాండు మేళంలో వాయించే పీరు చెప్పిన శాస్త్రం. నేసిన చీరలు షావుకారుకి వేసి రావాలన్న వంకతో వారానికి రెండుసార్లు వేటపాలెం వెళ్ళి, మార్కండేయులు అతని దగ్గర గిటారు నేర్చుకుంటున్నాడు.

భార్య సామ్రాజ్యం ఇదంతా చూసి ఏదో మొక్కు అనుకుంది. మొక్కు గురించి అడిగితే ఫలం పోతుందని అడగలేదు. చెంచాతో తినమనే దేవుడెవరో మాత్రం ఆమెకి ఎంత ఆలోచించినా తట్టలేదు.

గిటారు అతని తమ్ముడు చెంచురామయ్యది. ఏదో నాటకాల కంపెనీ మూతపడుతుంటే తెచ్చుకున్నాడు, పీరు దగ్గరే నేర్చుకున్నాడు, గోళ్ళూ పెంచాడు. నేతవారి ఇంట్లో గోళ్ళు పెంచడమంటే దారాలకి శత్రువుని ఇంట్లో పెట్టుకోవడమే. కిందటేడు ఒకనాడు వాడి గోరు తగిలి, మగ్గం మీదున్న పెళ్ళిచీర పడుగులో పాతిక పోగులు తెగిపోయాయి. మార్కండేయులుకి ఒళ్ళు మండిపోయింది. తమ్ముణ్ణి కూర్చోబెట్టి, చెయ్యి ఒడిసిపట్టి, పోగులు కత్తిరించే కత్తెరతోనే నాలుగు గోళ్ళూ తీసేశాడు. మర్నాడు దర్శిలో నాటకం, వాడు వాయించాలి. అది తెలిసే తీశాడు.

చెంచురామయ్య చెయ్యి విడిపించుకున్నాడు. వేళ్ళకేసి కాసేపు చూసుకుని, గిటారు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక అన్న ఇంట్లో ఉండగా మళ్ళీ తీగ ముట్టలేదు. తొమ్మిదో రోజున జ్వరం తగిలింది. ఇరవై రెండేళ్ళ పిల్లాడు, వారం తిరక్కుండానే పోయాడు.

కత్తెర నాలుగుసార్లు టిక్కుమన్న చప్పుడు మార్కండేయులు చెవుల్లో ఉండిపోయింది. ఎవరికీ చెప్పుకోలేదు. అలా ఉండగా మూడు నెలల కిందట తల్లి మాణిక్యమ్మ, చూపు సరిగా ఆనక అరుగు మీదే కూర్చునే మనిషి, ఉన్నట్టుండి ఒక మాటంది. పడుగుకి గంజి పెట్టేటప్పుడు తాను తీసే కూనిరాగాన్ని చిన్నాడు గిటారులో వాయించేవాడనీ, ఇంకొక్కసారి అది వినాలని ఉందనీ. వీధి నవ్వుతుందని కొంతా, కత్తిరించినవాడే పెంచుకుంటున్నాడని ఇంట్లోవాళ్ళంటారని కొంతా, మార్కండేయులు గోళ్ళ సంగతి గుప్పిట్లో దాచుకున్నాడు. రేపు తమ్ముడి సంవత్సరీకం. క్షవరానికి రేపు పొద్దున్నే వచ్చే దానయ్య గోళ్ళు కూడా తీసేస్తాడు. అంచేత అమ్మకి వినిపించాలంటే ఇవాళ సాయంత్రమే.

తీరా ఆ పూటే వీధిలో పడుగు సాగదీసే వంతు అతని ఇంటికి వచ్చింది. గంజి పట్టించిన పోగులని వీధి పొడుగునా లాగి కట్టి, ఆరేలోగా విడదీయాలి. ఇరుగూపొరుగూ అంతా చేతులు వెయ్యాలి, ఇంటివాడు ముందుండాలి. గంజిలో చెయ్యి పెడితే మూడు నెలల సేవ నీళ్ళపాలు. మార్కండేయులు నాలుగు వేళ్ళకీ నూనెగుడ్డ చుట్టుకుని బయటికొచ్చి, వేలు నొప్పిగా ఉందన్నాడు.

ఎదురింటి పిచ్చమ్మ పోగులు వదిలేసి వచ్చింది. ఆ వీధిలో తుమ్మినవాడెవడూ ఆవిడ మందు తాగకుండా తప్పించుకోలేదు.

"ఏ వేలురా అబ్బాయ్?"

ఒక వేలని ఉంటే సరిపోయేది. గుడ్డ నాలుగింటికీ ఉందాయె. "నాలుగూనూ" అన్నాడు.

గోరుచుట్టుకి నిమ్మకాయే మందని చీరాలలో తెలియనివాళ్ళు లేరు. ఒక వేలికి ఒక కాయ. పిచ్చమ్మ నాలుగు కాయలు తెచ్చి, కొనకోసి, కన్నాలు పెట్టింది. గుడ్డ విప్పనంటే గుడ్డ మీదే తొడిగేసింది. నిమ్మపులుసు గుడ్డలోకి దిగి గోళ్ళు నానుతుంటే మార్కండేయులు పీరు మాటలు తలుచుకుని కళ్ళు మూసుకున్నాడు. నొప్పి ఎక్కువైందని పిచ్చమ్మ కాయలు ఇంకా లోపలికి నొక్కింది.

నాలుగు కాయలున్న చేతిని చూడ్డానికి ఒక్కొక్కరే పడుగు వదిలేసి వచ్చారు. ఒకరు అవిసెగింజల కట్టన్నారు, ఇంకొకరు బాపట్ల డాక్టరన్నారు. చూస్తుండగానే ఎండ ముదిరింది, గంజి బిగిసింది, పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. సామ్రాజ్యం పడుగుని చూసి ఏడవాలో మొగుణ్ణి చూసి ఏడవాలో తేలక రెండింటి మధ్యా నిలబడిపోయింది. ఇంత జరిగాక ఇప్పుడు నిజం చెబితే వీధివాళ్ళు తంతారని మార్కండేయులుకి అర్థమైంది. ఆ కాయలు చూసుకుంటే అతనికే నవ్వొస్తోంది.

అప్పుడు పిచ్చమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "నాలుగు వేళ్ళకీ ఒక్కసారే రావడం జబ్బు కాదురా. చిన్నాడు పట్టుకున్నాడు. వాడి గోళ్ళు నువ్వు తీశావు గదరా. రేపు ఏడాదనగా ఇవాళొచ్చి నీవి అడుగుతున్నాడు."

ఎవరూ కొత్తగా వింటున్నట్టు లేరు. వీధంతటికీ ఆ సంగతి తెలుసన్నమాట. ఏడాదిగా తానొక్కడే మోస్తున్నాననుకున్నది అందరి నోళ్ళలోనూ ఉంది. మార్కండేయులుకి వస్తున్న నవ్వు ఆగిపోయింది.

దానయ్యని పిలుచుకొచ్చారు. అతను కాయలు లాగేసి, గుడ్డ విప్పి, చెయ్యి వెలుగులో తిప్పి చూశాడు. వాపు లేదు, చీము లేదు. నాలుగు గోళ్ళూ నున్నగా మెరుస్తున్నాయి.

"ఇవి జబ్బు గోళ్ళు కావండీ. ఇంత శుభ్రమైన గోళ్ళు పెళ్ళికొడుకులకి కూడా చూళ్ళేదు నేను" అన్నాడు.

నిమ్మకాయ పనిచేసిందనీ, అడిగినవాడికి ఇవ్వడమే మిగిలిందనీ పిచ్చమ్మ తీర్పు చెప్పింది. దానయ్య మార్కండేయులు మొహంలోకి చూసి, తీయమంటారా అని అడిగాడు. వద్దనడానికి ఒక్క మాట చాలు. మాణిక్యమ్మ గోడ పట్టుకుని లోపల్నించి వచ్చి, అరుగు మీద అతని పక్కన కూర్చుని, కొడుకు ఎడమచెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"ఇచ్చెయ్ రా పెద్దాడా. వాడు ఎప్పుడూ ఏదీ అడగలా" అంది.

మార్కండేయులు తనంతట తనే కుడిచెయ్యి చాపాడు. నిమ్మపులుసులో నానిన గోళ్ళు, దానయ్యకి కష్టమే కలగలేదు. నాలుగుసార్లు అదే చప్పుడు. అతని కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే పిచ్చమ్మ వేళ్ళ మీద ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

వీధివాళ్ళు బిగిసిన పడుగుని బాగుచేసే పనిలో పడ్డారు. అరుగు మీద తల్లీ కొడుకూ మిగిలారు. మాణిక్యమ్మ అతని కుడిచెయ్యి దగ్గరికి తీసుకుని వాసన చూసింది.

"నువ్వుల నూనె. చిన్నాడి చెయ్యి ఇట్లాగే ఉండేది. వాయిద్దామనుకున్నావా?"

అతను లేచి లోపలికెళ్ళి గిటారు తెచ్చాడు. గోళ్ళు లేని వేళ్ళతో, నిమ్మపులుసు మంటతో, రెండుచోట్ల తప్పుతూ ఆ కూనిరాగం వాయించాడు. మోగాల్సినట్టు మోగలేదు. మెత్తగా, అడుగున ఎక్కడో వినపడింది. అయిపోయాక తలెత్తకుండా, గోళ్ళుంటే బాగా వచ్చేదమ్మా అన్నాడు.

"చిన్నాడూ ఇట్లాగే వాయించాడురా" అంది మాణిక్యమ్మ. "గోళ్ళతో వాయిస్తే నాకు రేకు గీకినట్టుండేది. నువ్వు తీసేశాక దర్శిలో ఉత్త వేళ్ళతో వాయించాడంట. మెత్తగా వచ్చిందని వాడే మురిసిపోయాడు. నువ్వు చీరలెయ్యడానికి బయటికెళ్ళినప్పుడల్లా నా పక్కన కూచుని ఇదే. ఇంక గోళ్ళు పెంచనన్నాడు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"వాడే చెప్తానన్నాడు. 'పాతిక పోగులకి ఇంత పని చేశాడు, అన్నని ఓ పది రోజులు కుమలనీ. తర్వాత నేనే కూచోబెట్టి వినిపిస్తా' అన్నాడు. పోయినోడి మాట నేనెట్లా చెప్పేది? నువ్వు ఏడాది కుములుతున్నావని నాకేం తెలుసు."

మార్కండేయులు గిటారు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తమ్ముడు పోయినప్పుడు కూడా అతను అలా ఏడవలేదు. కాసేపటికి మాణిక్యమ్మ అతని మోకాలి మీద తట్టి, ఇంకొకసారి వాయించమంది. అతను వాయిస్తుంటే ఆవిడ మెల్లగా గొంతు కలిపింది. వీధిలో పోగులు విడదీస్తున్నవాళ్ళు ఒక్క క్షణం చేతులాపి విన్నారు.

ఆ సాయంత్రం పిచ్చమ్మ వీధి చివరిదాకా వెళ్ళి, నిమ్మకాయతో గోరుచుట్టు తగ్గడమే కాదు, సంగీతం కూడా వస్తుందని చెప్పి వచ్చింది.