నలభైసార్లు చూసిన పడవ ఫ్యాను

ఆ ఉదయం మునియమ్మ అనుకున్న పని చాలా చిన్నది. పదకొండుకు ఆఫీసరు వస్తాడు, కరెంటు పడవ మోటారుకు తెచ్చిన కొత్త ఫ్యాను అసలుదేనని చూసి సంతకం పెడతాడు, ధర్మవరం చెరువులో పడవ మళ్లీ తిరుగుతుంది. నీళ్లలో తిరిగి పడవను తోసేది ఆ ఫ్యానే మరి. పాతది నకిలీదై నడిచెరువులో రెక్క ఊడినప్పటి నుంచి, నెల రోజులుగా పడవ ఒడ్డునే కూర్చుంది. ఈ రోజు సంతకం పడకపోతే పడవ నడిపే హక్కు ఇంకొకరికి పోతుంది.

ఆరింటికే కొడుకు దేవేంద్ర ఫ్యాను పెట్టె మీది వెండిరంగు పూతను గోటితో గీకి, కింద బయటపడిన నెంబరు ఫోనులో కొట్టాడు. "అసలైన సామాను" అని పచ్చటి అక్షరాలు వచ్చాయి. మునియమ్మ ప్రాణం లేచొచ్చింది. మంచి జరిగితే నలుగురికీ చెప్పుకోవద్దూ? ఆ నెంబరు ఫోటో తీయించి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టించింది. మీరూ కొట్టి చూడండి అని ఒక మాట కూడా చేర్పించింది.

పావుగంటకు పెనుకొండ నుంచి ఆడబిడ్డ నీలావతి ఫోను చేసింది.

"వదినా, మోసపోయినారు! నేను కొడితే ఎర్రగా వస్తాండాది. ఈ నెంబరు ముందే చూసినారు, నకిలీ కావచ్చు అంటాది."

"ఇప్పుడే పచ్చగుండె గదమ్మే! నీ ఫోను పాతదేమో. హిందూపురంలో మాయన్నను చూడమంటా."

అన్న తిమ్మప్పకూ ఎరుపే వచ్చింది. ఆయన ఊరుకునే మనిషా? ఫ్యాను అమ్మిన అంగడికి పోయి చొక్కా పట్టుకోబోయాడు. అంగడాయన తానూ కొట్టి చూశాడు. ఎరుపే. గోరంట్ల వియ్యపురాలు తన ఫోనులో ఒకసారి, మొగుడి ఫోనులో ఒకసారి చూసింది. చూసిన ప్రతివాళ్లూ ఇంకొకరిని చూడమన్నారు.

పదకొండుకు ఆఫీసరు హరిప్రసాద్ వచ్చి నెంబరు కొట్టాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఏమమ్మా, దీన్ని ఇప్పటికి నలభైసార్లు చూసినారంట. ఒకే నెంబరు నలభై నకిలీ ఫ్యాన్ల మీద వేసి అమ్మినట్లుండారు. సంతకం పెట్టేదానికి కాదు."

"నలభై ఫ్యాన్లు యాడివి సార్? ఫ్యాను ఒకటే. చూసినోళ్లంతా మావోళ్లు!"

ఆయన నమ్మలేదు. కంపెనీకి ఫోను చేసి స్పీకరు పెట్టాడు. అవతలి అమ్మాయి ఆ నెంబరు ఎక్కడెక్కడ చూశారో వరుసగా చదవసాగింది.

"మొదటిసారి ధర్మవరం, ఆరు గంటలకు."

"మా దేవేంద్ర," అంది మునియమ్మ.

"పెనుకొండ, ఆరుంబావు."

"మా ఆడబిడ్డ. పెండ్లిలో నా నగలు కూడా ఇట్లే కొరికి చూసింది."

"హిందూపురం, రెండుసార్లు."

"ఒకటి మాయన్న. ఇంకోటి అంగడాయప్ప, పాపం."

"గోరంట్ల, రెండుసార్లు."

"వియ్యపురాలు. ఒక్క మాటతో ఏపొద్దు నమ్మింది సార్ ఆయమ్మ?"

"రొద్దం."

"రొద్దంలో ఎవురబ్బా... ఆఁ, మా చిన్నమ్మ కోడలు. కాన్పుకు పుట్టింటికి పోయిండాది. ఆడపిల్ల సార్, మూడు కేజీలు..."

పద్దెనిమిదో చుట్టం దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"చాలు తల్లీ. మొదట చూసింది మీరే, తర్వాతంతా మీ చుట్టాలే. ఫ్యాను అసలుదే," అని సంతకం పెట్టేశాడు.

దేవేంద్ర కాగితం అందుకోబోతే మునియమ్మ అడ్డం వచ్చింది.

"ఉండు నాయనా. సార్, ఏమనుకోవద్దు. మీరు ఆఫీసరేనని మాకెట్ల తెలిసేది? మీ కార్డు ఒకసారి ఇస్తారా?"

హరిప్రసాద్ మెడలోని కార్డు తీసి ఇచ్చాడు. మునియమ్మ దాన్ని ముందూ వెనకా తిప్పి చూసింది. గోటితో గీకడానికి ఎక్కడా పూత లేదు. అందుకే ఆమెకు నమ్మకం పూర్తిగా కుదరలేదు.