పెద్దాయన తలుపుకి పచ్చరంగు

సమాజసేవ ఏడాదికి ఒక్కరోజే చెయ్యాలి. రోజూ చేస్తే అలవాటైపోతుంది, ఫొటోల్లో కొత్తదనం ఉండదు. కాదంటారా?

అందుకే పెద్దాయన జయంతి అంటే నాకు ప్రాణం. ఎవరా పెద్దాయన అంటారా? ఒకప్పుడు మా లైబ్రరీలోకి కొందరే ముందు తలుపులోంచి వెళ్ళేవారు. మిగతావాళ్ళు పెరటి దారిన వెళ్ళి, కిటికీ దగ్గర నిలబడి పుస్తకం అడుక్కోవాలి. ఇదేం న్యాయమని ఆయన ముందు మెట్ల మీద బైఠాయించాడు. లాఠీదెబ్బలు తిన్నాడు. చివరికి ఆ తలుపు అందరికీ తెరిపించాడు.

అంతటి మనిషికి మనం ఏం చెయ్యగలం? రంగు వెయ్యగలం.

మా వాలంటీర్ల సంఘానికి సెక్రటరీ సాక్షాత్తూ మా బావమరిది. "బావా, ఆయన తెరిపించిన తలుపుకే రంగేద్దాం" అన్నాడు. తలుపేమో ఒక్కటి, టోపీలు పెట్టుకుని దిగిన మేమేమో ముప్పైమందికి పైనే. బ్రష్ దొరకనివాళ్ళు దొరికినవాళ్ళకి విసనకర్రలతో విసిరారు. విసరడానికి చోటు చాలనివాళ్ళు సెల్ఫీలు దిగారు. ఒక బ్యాంకు మేనేజరైతే గొళ్ళానికీ, తీసి వేలాడదీసిన తాళంకప్పకీ, పక్కన నిలబడ్డ పాపానికి నా మోచేతికీ రంగేశాడు. సేవాభావం అంటే అదీ!

లైబ్రరీలో జయంతి సభకి జనం రావడం మొదలైంది. బావమరిది చేతులు అడ్డం పెట్టాడు.

"రంగు పచ్చిగా ఉందండీ. దయచేసి అందరూ పెరటి దారిన రండి."

పాపం, వరసకట్టి అటే నడిచారు. ఏం క్రమశిక్షణండీ!

అంతలో ముఖ్య అతిథి వచ్చింది. ఆ రోజుల్లో పెద్దాయన పక్కనే మెట్ల మీద కూర్చుని దెబ్బలు తిన్న, బట్టలు కుట్టే మామ్మ. ఇప్పుడు చేతికర్ర సాయంతో నడుస్తోంది.

"మామ్మగారూ, మీరు కూడా పెరటివైపు నుంచి..." అన్నాడు బావమరిది ఎంతో వినయంగా.

"ఎందుకు నాయనా?"

"పెద్దాయన మీద గౌరవంతో ఈ తలుపుకి రంగేశామండీ."

మామ్మ తలుపుని చూసింది. మా టోపీల్ని చూసింది.

"పోనీలే. అప్పుడు చీర ఎర్రగా అయింది, ఇవాళ పచ్చగా అవుతుంది" అని, భుజంతో తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పెరటిదాకా వెళ్ళినవాళ్ళంతా వెనక్కి తిరిగి ఆవిడ వెనకే దూరారు. అందరి భుజాలూ పచ్చబడ్డాయి. తలుపు మాత్రం గజ్జి పట్టినట్టు తయారైంది.

మా బాధ ఎవరికి చెప్పుకోవాలి? సాయంత్రం అత్యవసర సమావేశం పెట్టి, తలుపుకి మళ్ళీ రంగేయించాం. జనం తాకితే మళ్ళీ పాడవుతుంది కాబట్టి, ఇక దాన్ని తెరవకూడదని ఏకగ్రీవంగా తీర్మానించాం. దాని మీద పెద్దాయన ఫొటో బిగించి, ముందు అడ్డంగా తాడు కట్టాం.

వచ్చే జయంతికి ఏం సేవ చెయ్యాలో కూడా అప్పుడే తేలిపోయింది. పెరటి దారికి మరమ్మతు. ఇక అటు రద్దీ మరీ పెరిగిపోతుంది కదండీ.