వంతెన కింద గేదె

రండి, దగ్గరికి జరగండి. ఆ మూల ముచ్చట్లు ఇక ఆపండి. దగ్గొచ్చేవాళ్ళు ఇప్పుడే దగ్గేసుకోండి, మధ్యలో దగ్గితే గేదె బెదురుతుంది. అవును, ఇందులో గేదె ఉంది.

ఎప్పుడో నిప్పులు కక్కి, అలసిపోయి నిద్రలోకి జారుకున్న కొండ ఒకటి. దాని నెత్తిన ఒంటిగది ఆఫీసు. అందులో తుఫాను మావయ్య. ఊరంతా అలాగే పిలిచి పిలిచి, అసలు పేరు అతనికే గుర్తులేదు. వరద, గాలి, భూకంపం, కొండ ఒంట్లో వేడి, ఈ నాలుగింటినీ నాలుగు తెరల మీద కాపు కాయడం అతని ఉద్యోగం. చిక్కేమిటంటే, ఏళ్ళు గడిచినా ఒక్క తెరా ఎర్రబడలేదు. అందుకని ఆఫీసుకు తాళం వేయడానికి ఆ ఉదయం పెద్దసారు వస్తున్నారు.

తెరలు తుడిచి, టీ కాచి, సారు కాళ్ళు పట్టుకునైనా ఆఫీసు నిలబెట్టుకోవాలని మావయ్య పథకం.

"కాళ్ళు పట్టుకునేటప్పుడు చొక్కా నలక్కుండా చూసుకోండి. ఇస్త్రీ చేసిన చెయ్యి నాది," అంది అత్తయ్య.

సరిగ్గా అప్పుడే కింద ఏట్లో గేదెల పెద్దమ్మ గేదె ఎండకు తాళలేక వంతెన నీడలోకి పోయి నిలబడింది. వంతెనకు బిగించిన వరద యంత్రం తలొంచుకుని, నీళ్ళు ఎంత కిందున్నాయో కొలుస్తుంటుంది. దానికి నీళ్ళేవో గేదె వీపేదో తెలియదు. ఏరు ఒక్క ఊపున గేదె ఎత్తున పొంగిందని కొండ మీదికి కబురు పంపింది.

తెర ఎర్రబడింది. మావయ్య కళ్ళు తుడుచుకుని సైరన్ నొక్కాడు. ఊరు ఊరంతా మంచాలతో, కోళ్ళతో కొండెక్కింది. వడ్రంగి అయితే దొంగల భయంతో ఇంటికి తాళం వేసి, ఆ తలుపునే ఊడబీకి వీపున మోసుకొచ్చాడు.

అన్ని కాళ్ళు దబదబలాడేసరికి నేలలో పాతిన యంత్రం భూకంపమంది. ఆకలేసి పొయ్యిలు వెలిగిస్తే, వేడి చూసే యంత్రం కొండ నిద్రలేచిందంది. దర్జీ బాబాయికి ఉక్కపోసి, గాలివేగం కొలిచే గిన్నెల చక్రాన్ని ఫ్యాననుకుని చేత్తో గిరగిరా తిప్పాడు. తుఫానూ వచ్చేసింది.

మావయ్య మైకు పట్టుకుని అందరినీ కిందికి దిగమన్నాడు. ఏరు గుర్తొచ్చి పైకెక్కమన్నాడు. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ సగం దారిలో గుద్దుకుంటే భూకంపం రెట్టింపైంది.

"ఒరే నాయనా, ఎక్కడుండాలో తేల్చి చెప్పు, మంచం దించుకుంటాను," అన్నాడు ఒక తాత.

ఆ తోపులాటలో పెద్దసారు నడవకుండానే పైకి చేరారు. ఒక చేతిలో తాళం, ఇంకో చంకలో ఎవరిదో కోడి. నాలుగు తెరలూ ఎర్రగా కనబడేసరికి తాళం జారిపోయింది. కోడిని మాత్రం వదల్లేదు. వణుకుతూ హెడ్డాఫీసుకు ఫోన్ చేశారు.

"నాలుగూ ఒకేసారి వచ్చాయండీ. నా కళ్ళారా చూస్తున్నాను. ఈ ఆఫీసే లేకపోతే ఊరు ఏమయ్యేది?"

ఫోన్ పెట్టారో లేదో, గేదెల పెద్దమ్మ రొప్పుతూ వచ్చింది. ఏట్లో చుక్క కూడా పెరగలేదని, తన గేదె వంతెన కింద యంత్రం దగ్గర నిలబడి రానంటోందని, నలుగురు సాయం వస్తే తోలుకుపోతానని చెప్పింది. దర్జీ బాబాయి నెమ్మదిగా చక్రం మీంచి చెయ్యి తీశాడు. తుఫాను ఆగింది. మావయ్య వంగి, కిందపడ్డ తాళం తీసి, ఇస్త్రీ చొక్కాకే తుడిచి సారుకు అందించాడు.

సారు తాళం చూశారు, ఫోన్ చూశారు. నాలుగు ప్రమాదాలు చూశానన్న నోటితో గేదెను చూశానని ఎలా చెప్పడం? మళ్ళీ ఫోన్ కలిపారు. ఇదంతా తాను దగ్గరుండి జరిపించిన రిహార్సలని, ఇందాక తాను వణకడం కూడా అందులో భాగమేనని, అన్నం కుండ ఉడికేలోగా ఊరంతా కొండెక్కిందని, ఇలాంటి ఆఫీసును మూస్తే పాపమని చెప్పారు. తాళం జేబులో వేసుకుని, కోడిని మావయ్యకు బహూకరించారు.

కోడి గలాయన తప్ప అందరూ చప్పట్లు కొట్టారు.

గేదెల పెద్దమ్మ మాత్రం అనుమానంగా మావయ్య దగ్గరికొచ్చింది. "అది నీళ్ళలో నిలబడితే వరదన్నావు. సాయంత్రం ఒడ్డెక్కితే కరువొచ్చిందని మళ్ళీ ఆ కూత పెట్టవు కదా నాయనా?"