నీడ మీద పన్ను నిలవాలి!

మనకు పన్నులు చాలడం లేదు! ఈ మాట అన్నందుకు మా వదిన చేతిలో కత్తెరతోనే నావైపు తిరిగింది. అయినా అంటాను.

మాది బట్టలు కుట్టే షాపు. ఒకటే గది, రెండు మిషన్లు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు ఎండలో మాడిపోకుండా గుమ్మం ముందు గుడ్డ పందిరి వేశాం. మిగిలిన ముక్కలన్నీ అతికి నేనే కుట్టాను. దాని నీడ రోడ్డు మీద పడుతుంది. రోడ్డు ఎవరిది? ప్రభుత్వానిది! ప్రభుత్వం నేల మీద మా నీడ ఊరికే పడుకుంటానంటే కుదురుతుందా?

అలా నీడ పన్ను వచ్చింది. నీడ ఎంత పొడుగో పన్ను అంత. కొలవడానికి ఒక ఆఫీసు, ఆఫీసుకో జీపు. టేపు పట్టుకోవడానికి ఇద్దరు, వాళ్లు సరిగ్గా పట్టుకున్నారో లేదో చూడటానికి ఇంకొకరు. మా గుడ్డపీలిక ఇన్ని సంసారాలను నడుపుతోందంటే నాకెంత గర్వం!

ఇన్‌స్పెక్టరు సాయంత్రం ఐదింటికి గాని రాడు. అప్పటికి మా నీడ సాగి సాగి ఎదుటి సెలూన్ గడప తొక్కుతుంది. పరాయి నీడ వాడుకున్నందుకు సెలూనాయనకూ నోటీసు!

"మధ్యాహ్నం రావచ్చుగా నాయనా? అప్పుడు నీడ బుద్ధిగా పందిరి కిందే ఉంటుంది" అన్నాను.

"మధ్యాహ్నం ఎండ కదా పిన్నిగారూ!"

"ఆ ఎండకేగా మేం గుడ్డ కట్టుకుంది!" అంది వదిన.

"నిజమేనండీ. కానీ మా ఫారంలో ఎండకు గడి లేదు."

పన్ను కట్టలేక పందిరి విప్పేశాం. వచ్చేవాళ్లు తగ్గారు. రెండో మిషను మీద దుప్పటి కప్పాం.

వీధిలో నీడ లేదని ప్రభుత్వం ఇట్టే కనిపెట్టింది. 'ప్రజలకు నీడ' పథకం వచ్చింది! మా గుమ్మం ముందు రెండు ఇనుప స్తంభాలు లేచాయి. కప్పు వచ్చే బడ్జెట్‌లోనట. ప్రస్తుతానికి స్తంభాల పన్ను కడితే చాలు.

స్తంభాల ప్రారంభోత్సవం మిట్టమధ్యాహ్నం పెట్టారు. ఇన్‌స్పెక్టరు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "పిన్నిగారూ, ఆ పాత గుడ్డ ఉందా? పెద్దసారు ఎండలో నిలబడలేరు. ఒక్క గంట కట్టండి."

"టేపు?" అంది వదిన.

"ఆఫీసులోనే వదిలేశానండీ!"

కట్టాం. ఆ గంటలో నలుగురు ఆగి కొలతలిచ్చారు. వదిన దుప్పటి లాగేసి రెండో మిషను తొక్కింది. ఫారం లేదు, పథకం లేదు, అయినా వీధికి నీడ వచ్చేసింది! ఇంత ప్రమాదకరమైన సంగతి బయటికి పొక్కనేకూడదు.

అందుకే పేపర్లో రాస్తున్నాను.